పాట మీద ప్రేమ, పాటగాడి మీద భక్తి



ఈసారి పాట గురించి మాట్లాడుకుందాం. పాట గురించి అంటే, పాటను ప్రేమించే మన గురించే.

మొన్న ఏప్రిల్ 14న మా విహారంలో త్రిశరణ పంచశీలాలు చెప్పుకోవడం అయిపోయింది. పాయసం పంచేలోపు ఒక తమ్ముడు సౌండ్ బాక్సులో గద్దర్ పాట పెట్టాడు. బాబాసాహెబ్ మీద పాడిన పాటే. సగం కూడా కాలేదు, వెనక కూర్చున్న పెద్దాయన ఒకరు లేచి, "బంద్ చెయ్యి తమ్మీ. గుళ్ళ పొంటి దండాలు పెట్టుకుంట తిరిగినాయన పాట మన విహారంల ఎందుకు?" అన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక అక్క అందుకుంది. "ఆయన పాడకపోతే మనకు నోరెక్కడిది పెద్దనాయనా? ఒంట్లె తూటా పెట్టుకొని పాడిండు. ఆయన ఏది చేసినా జనం కోసమే చేసిండు." అంతే, విహారం రెండు పక్షాలైంది. పాయసం చల్లారిపోయింది. తమ్ముడు పాట ఆపి, ఫోన్ జేబులో పెట్టుకుని నా మొహం చూశాడు. ఏమన్నా చెప్తానని. నేనేం చెప్పలేదు.

చెప్పలేకపోయాను. ఎందుకంటే పెద్దనాయన కోపం ఒకప్పుడు నాది కూడా. అక్క ప్రేమ అంతకంటే ముందు నాది.

గద్దర్ ఎవరో మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. తూప్రాన్‌లో దళిత ఇంట పుట్టిన గుమ్మడి విఠల్‌రావు. బ్యాంకు ఉద్యోగం వదిలేసి జననాట్యమండలితో ఊరూరూ తిరిగాడు. గోచి, గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు. కారంచేడులో 1985లో మనవాళ్ళను నరికి చంపినప్పుడు దాని మీద గొంతెత్తి, అజ్ఞాతంలోకి పోవాల్సి వచ్చింది. 1990లో బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడితే మైదానం పట్టలేదు. 1997 ఏప్రిల్ 6న ఇంటికొచ్చి కాల్చారు. బతికాడు గానీ ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఊరి చివర గూడెంలో పుట్టిన మా వయసు వాళ్ళకు ఆయన క్యాసెట్టు అంటే వినోదం కాదు, ధైర్యం. మన ఇంటి భాష, మన అమ్మ మాట్లాడే యాస, మైకులో అంత గట్టిగా వినబడొచ్చని మాకు తెలిపింది ఆ గొంతే.

ఆ మనిషి మారాడు. 2017లో మావోయిస్టు పార్టీకి దూరం జరిగానన్నాడు. గుళ్ళకు వెళ్ళాడు. పేపర్లలో ఫోటోలొచ్చాయి. గొంగడి పోయి సూటూ టై వచ్చింది, చేతిలోకి రాజ్యాంగం వచ్చింది. బూటకమని తాను పాడిన ఎన్నికల్లో, 2018లో, డెబ్బై ఏళ్ళ వయసులో మొదటిసారి ఓటేశాడు. పార్టీల వేదికల మీద కనబడ్డాడు. విప్లవం వైపు వాళ్ళు ద్రోహం అన్నారు. మనవాళ్ళలో కొందరు, ఇప్పటికైనా బాబాసాహెబ్ దగ్గరికొచ్చాడని సంతోషించారు. ఇంకొందరు, ఇంత ఆలస్యంగానా అన్నారు. మరికొందరు, ఒక చేత్తో రాజ్యాంగం, ఇంకో చేత్తో కుంకుమా అని నవ్వారు. 2023 ఆగస్టు 6న పోయాక కూడా ఇది ఆగలేదు. తాను స్థాపించిన అల్వాల్ మహాబోధి విద్యాలయం ఆవరణలో, బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి. అక్కడే పోలీసులు గౌరవ వందనం చేశారు. ఆ వందనాన్ని తప్పుపట్టినవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. (నంది అవార్డు వద్దన్న మనిషి. ఇప్పుడు తెలంగాణలో నంది అవార్డులకు ఆయన పేరే పెట్టారు. ఆయనుంటే దీని మీద ఒక పాట కట్టేవాడేమో.)

ఆ గుడి ఫోటో చూసిన రోజు నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో నానా గొడవ పడి, దేవుడి పటాలు తీయించి, అమ్మతో నెలల తరబడి మాటల్లేకుండా ఉండి నేను ధమ్మంలోకి వచ్చాను. ఆయన పాటలు విని వచ్చిన ధైర్యం కూడా అందులో ఉంది. ఆయనేమో అక్కడ చేతులు జోడించుకుని! ఆ తర్వాత కొన్నేళ్ళు ఏ సభలోనూ ఆయన పాట పాడలేదు, పాడనివ్వలేదు. దాన్ని నిష్ఠ అనుకున్నాను.

ఇలాంటిది మన దగ్గరే జరగలేదు. అమెరికాలో బాబ్ డిలాన్ అనే గాయకుడున్నాడు. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన వాషింగ్టన్ సభలో ఆయనా పాడాడు. రెండేళ్ళకు కరెంటు గిటార్ పట్టుకుంటేనే అభిమానులు చీలిపోయారు. 1966లో మాంచెస్టర్‌లో ఒకడు జనంలోంచి "జూడాస్" అని అరిచాడు. క్రీస్తును పట్టిచ్చిన శిష్యుడి పేరు అది. 1979లో డిలాన్ క్రైస్తవంలోకి మారి ఆ విశ్వాసంతోనే ఒక ఆల్బమ్ తెచ్చాడు. ఆ నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కచేరీలు పెట్టి, పాత పాట ఒక్కటీ పాడలేదు. కొందరు గోల చేశారు. కొందరు కొత్త పాటలు పాతవాటికంటే గొప్పవన్నారు. ఆ ఆల్బమ్‌లోని పాటకు గ్రామీ బహుమతీ వచ్చింది.

ఆ గోల చేసినవాళ్ళ కోపాన్ని నేను రెండుగా విడదీసి చూస్తాను. "మా డిలాన్ మారిపోయాడు" అనేది ఒకటి. "ఈ కొత్త పాట నమ్మనివాణ్ణి భయపెడుతోంది, ఇది సరికాదు" అనేది రెండోది. రెండోది పాట విన్న తర్వాత అనే మాట. మొదటిది వినకముందే అనగలిగే మాట. చూడ్డానికి రెండూ ఒకే కోపంలా ఉంటాయి.

"మారిపోయావు" అనే మాట మనకు కొత్తా? దీక్ష తీసుకున్నాక మీ మేనమామ మీతో ఏమన్నాడు? పండక్కి రాలేదని మీ చిన్నమ్మ ఏమంది? మారడమే తప్పయితే 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది చేసింది ఏమిటి? మనం మారితే మేలుకోవడం, ఇంకొకడు మారితే ద్రోహం. ఇదెక్కడి లెక్క? అన్నీ అనిత్యమని వందన తర్వాత చెప్పుకుంటాం. పాటగాడు మాత్రం మన పదహారేళ్ళ వయసులో క్యాసెట్టు మీద ఉన్న బొమ్మలాగే ఉండాలి. బుద్ధుడు ఉపాదానం అన్నది దీన్నే. మనం పట్టుకున్నది మనిషిని కూడా కాదు, మనం చేసుకున్న బొమ్మను.

అయితే అక్క మాట సరైనదా? అదీ కాదు. "ఆయన ఏది చేసినా జనం కోసమే" అన్నప్పుడు అక్క కూడా బొమ్మనే పట్టుకుంది. పెద్దనాయన ఆ బొమ్మను పగలగొట్టాడు, అక్క దానికి పూలదండ వేసింది, అంతే తేడా.

దీఘనికాయంలో మొదటిది బ్రహ్మజాల సుత్తం. అది ఇలాంటి తగాదాతోనే మొదలవుతుంది. రాజగృహం నుంచి నలందా పోయే దారిలో బుద్ధుడు భిక్షువులతో నడుస్తున్నాడు. వెనకే సుప్పియుడు అనే పరివ్రాజకుడు, అతని శిష్యుడు బ్రహ్మదత్తుడు వస్తున్నారు. గురువు దారి పొడుగునా బుద్ధుణ్ణి తిడుతున్నాడు, శిష్యుడు అంతే గట్టిగా పొగుడుతున్నాడు. ఒకే దారి, ఒకే మనిషి, రెండు మాటలు. తెల్లారి భిక్షువులు దీని గురించే మాట్లాడుకుంటుంటే బుద్ధుడు వచ్చి చెప్పిన దాని సారం ఇది. నన్ను తిట్టారని కోపం తెచ్చుకోకండి, పొగిడారని పొంగిపోకండి. కోపంలో ఉంటే ఎదుటివాడు అన్నది నిజమో కాదో మీకెలా తెలుస్తుంది? తప్పయితే ఇది ఇలా కాదని విడమర్చి చెప్పండి, నిజమైతే నిజమని ఒప్పుకోండి.

తన విషయంలోనే అంత చెప్పిన బుద్ధుడి విహారంలో మనం ఒక గాయకుడి కోసం పాయసం చల్లార్చుకున్నాం.

బాబాసాహెబ్ కూడా దీని మీద సూటిగా మాట్లాడాడు. 1943లో పూనాలో రానడే 101వ జయంతి సభలో ప్రసంగిస్తూ వీరారాధనను రెండుగా విడగొట్టాడు. గొప్పవాడి గొప్పతనాన్ని మనసారా మెచ్చుకోవడం ఒకటి, అందులో తప్పు లేదన్నాడు. ఆయన చెప్పిందల్లా తలవంచి పాటించడం ఇంకొకటి, అది మనిషి తెలివినీ స్వేచ్ఛనూ తినేస్తుందన్నాడు. బాబాసాహెబ్ పేరు చెప్పుకునే మనం ఈ ప్రసంగాన్ని ఎక్కువగా చదవం. చదివితే మన ఇంట్లోనే కొన్ని పూలదండలు తీయాల్సి వస్తుందని భయం కావచ్చు.

సరే, మెచ్చుకోవడానికైనా తిరస్కరించడానికైనా కొలత ఏది? నాకు తాలపుటుడి కథ గుర్తొస్తుంది. రాజగృహంలో పేరున్న నటుడు, పెద్ద బృందానికి నాయకుడు. బుద్ధుడి దగ్గరికొచ్చి, జనాన్ని నవ్వించి మురిపించేవాడు చచ్చాక నవ్వే దేవతల లోకానికి పోతాడని మా పాత గురువులు చెప్పారు, మీరేమంటారు అని అడిగాడు. అడగొద్దని బుద్ధుడు రెండుసార్లు దాటేశాడు. మూడోసారి చెప్పాడు. ఆ లోకాల సంగతి మనం పక్కన పెడదాం, మనకు వాటితో పని లేదు. అసలు మాట ఇది: జనంలో ముందే రాగం, ద్వేషం, మోహం ఉన్నాయి. ఆటగాడు తన ఆటతో వాటినే ఇంకా రగిలిస్తే, తాను మత్తెక్కి జనానికీ మత్తెక్కిస్తే, దాని ఫలితం మంచిది కాదు. తాలపుటుడు ఏడ్చేశాడు. మీ మాటకు బాధపడి కాదు, ఇన్నాళ్ళు పాత గురువుల చేతిలో మోసపోయినందుకు అన్నాడు. ఆ తర్వాత భిక్షువయ్యాడు. థేరగాథల్లో ఆయన గాథలు ఇప్పటికీ ఉన్నాయి. అంత పేరున్న ఆటగాడు ఆట వదిలేసి చీవరం కట్టుకున్న రోజు ఆయన అభిమానులు ఏమన్నారో సుత్తంలో లేదు. ఏమని ఉంటారో మీరూ నేనూ ఊహించగలం.

కొలత అదే. పాట విన్నవాడిలో ఏం పెరుగుతోంది, ఏం తగ్గుతోంది? పాడినవాడు నిన్న ఎక్కడికి పోయాడన్నది తర్వాతి ప్రశ్న. ఆ ప్రశ్నను నేను ఎగ్గొట్టడం లేదు. గద్దర్ గుళ్ళకు పోవడం తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అంత గొంతున్నవాడు ఎక్కడ తల వంచితే అక్కడ వేలమందికి దారి కనబడుతుంది, ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు. దానికి లోతైన వ్యూహం ఏదో ఉందని సర్దిచెప్పేవాళ్ళతో నాకు పొత్తు కుదరదు. కానీ 22 ప్రతిజ్ఞలు తీసుకున్నది మనం. ముందు వాటితో కొలుచుకోవాల్సింది మనల్ని. ఆయన చివరి ఏళ్ళ తప్పు, కారంచేడు రోజుల పాటను వెనక్కి పోయి అబద్ధం చెయ్యలేదు. ఆ పాట ఇచ్చిన ధైర్యంతో వచ్చినవాళ్ళం ఇక్కడే కూర్చుని ఉన్నాం కదా.

అలాగే ఆయన పాటలన్నీ మనకు పనికొస్తాయని కూడా అనను. చంపడాన్ని కీర్తించే పాటలున్నాయి. వాటి వెనక ఎంత న్యాయమైన కోపం ఉన్నా, ప్రాణం తీయనని శీలం చెప్పుకున్న నోటితో నేను వాటిని పాడలేను. యవ్వనంలో గొంతు పగిలేలా పాడాను. అదీ దాచను.

అక్టోబరు 14 కార్యక్రమానికి ఏం పాటలు పెట్టాలో రాసుకుని ఆ తమ్ముడు మొన్న ఇంటికొచ్చాడు. గద్దర్ పాట ఉంచాలా తీయాలా అన్నదే వాడి దిగులు. అన్నీ మొదటి నుంచి చివరిదాకా విందాం రా అన్నాను. ఇద్దరం సాయంత్రం దాకా కూర్చున్నాం. చివరికి రెండు పాటలు తీసేశాం, రెండూ గద్దర్‌వి కావు. ఈమధ్య డీజేల్లో మోగుతున్న జయంతి పాటలు. ఒకదాంట్లో బాబాసాహెబ్‌ను అవతారం చేసి హారతిచ్చారు, ఇంకోదాంట్లో పక్క కులం వాళ్ళను కోసేస్తామన్నారు. మూడేళ్ళుగా ఇవి మన ఊరేగింపుల్లో వాడుతున్నాం. పెద్దనాయన గానీ, అక్క గానీ, నేను గానీ ఒక్కనాడూ బంద్ చెయ్యమనలేదు.

ఆదివారం పెద్దనాయన వచ్చినప్పుడు, విహారం బయట వేపచెట్టు కింద గద్దుమీద కూర్చోబెట్టి, ఆ రోజు సగంలో ఆపేసిన పాటను పూర్తిగా వినిపించాడు తమ్ముడు. కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"పాట మంచిదే," అన్నాడు. కాసేపాగి, "అయినా ఆయన గుడికి పోయిండు," అన్నాడు.

"పోయిండు పెద్దనాయనా. నిజమే," అన్నాను.

తమ్ముడు ఆ పాటను పట్టీలో మూడోదిగా పెట్టుకున్నాడు.