సంతకానికి ముందు ఏడు రోజులు

స్వేచ్ఛను ప్రాణప్రదంగా చూసే అభ్యర్థిని అధ్యక్ష ఎన్నికలో గుర్తించడం ఎలా అన్న ప్రశ్న, అధ్యక్షుడే పాలనకు అధిపతి అయిన అమెరికాలో ఒక తీరుగానూ, పాలన అంతా మంత్రివర్గం చేతిలో ఉండే ఐర్లండ్‌లో వేరొక తీరుగానూ ఎదురవుతుంది. అమెరికా అభ్యర్థి పన్నులు తగ్గిస్తానని, నిఘా ఎత్తివేస్తానని, యుద్ధాలు ఆపుతానని మాట ఇవ్వవచ్చు; ఐర్లండ్‌లో అలాంటి మాట ఇచ్చే అభ్యర్థికి తాను కోరుతున్న పదవి ఏమిటో తెలియదని వెంటనే తేలిపోతుంది. 1937 నాటి రాజ్యాంగం ప్రకారం ఐరిష్ అధ్యక్షుడు ప్రభుత్వ సమ్మతి లేనిదే దేశం దాటి వెళ్లకూడదు, జాతికి సందేశం ఇవ్వదలచినా ఆ పాఠానికి ప్రభుత్వ ఆమోదం పొందాలి. పౌరుల స్వేచ్ఛకు కాపలా కాయవలసిన మనిషికి తనకంటూ ఉన్న స్వేచ్ఛ ఇంతే కావడం వింతగా తోచినా, ఆ కట్టుబాట్ల మధ్య రాజ్యాంగం వదిలిపెట్టిన ఒకటి రెండు సందుల్లోనే ఆ పదవి విలువ అంతా దాగి ఉంది.

వాటిలో ముఖ్యమైనది 26వ అధికరణం. పార్లమెంటు ఉభయ సభలు ఆమోదించిన బిల్లు రాజ్యాంగానికి విరుద్ధమేమోనన్న అనుమానం కలిగితే, అది తన వద్దకు చేరిన ఏడు రోజుల లోపు, అధ్యక్షుడు సలహా మండలి అభిప్రాయం విని, దానిని సుప్రీంకోర్టు పరిశీలనకు పంపవచ్చు. మాజీ ప్రధానులు, మాజీ ప్రధాన న్యాయమూర్తులు, అధ్యక్షుడు స్వయంగా నియమించిన కొందరు ఉండే ఆ మండలి మాట వినడం తప్పనిసరే గాని, దాని ప్రకారం నడుచుకోవడం తప్పనిసరి కాదు. ద్రవ్య బిల్లులకూ రాజ్యాంగ సవరణ బిల్లులకూ ఈ అధికరణం వర్తించదు. ఇక మిగిలిన బిల్లుల విషయంలో, మంత్రివర్గం సలహాతో పని లేకుండా, ఒక మనిషి తన వివేకాన్ని మాత్రమే నమ్ముకొని నిర్ణయం తీసుకునే వ్యవధి ఆ ఏడు రోజులు.

శాండీఫోర్డ్‌లో నివసించేవారికి ఇది పుస్తకాలలోని సంగతి మాత్రమే కాదు. డబ్లిన్‌కు దక్షిణాన కొండల అంచున ఉన్న ఈ శివారులో నేడు కనిపించేవి కార్యాలయ భవనాలు, వరుస అపార్ట్‌మెంట్లు, వాటి మధ్యగా సాగే లువాస్ ట్రామ్ పట్టాలు. 2004లో ట్రామ్ శాండీఫోర్డ్ దాకానే వచ్చేది. 2010లో దారిని చెర్రీవుడ్ వరకు పొడిగించినప్పుడు వెలసిన స్టాపులలో ఒకదాని పేరు గ్లెన్‌కేర్న్. ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ప్రయాణంలో అలవాటుగా వినే ఆ పేరు, బ్రిటిష్ రాయబారి నివాసమైన పాత భవంతిది. అంతకు ముందు అది రిచర్డ్ క్రోకర్ ఇల్లు. న్యూయార్క్‌లో టామనీ హాల్ అనే రాజకీయ యంత్రాంగాన్ని శాసించి, ఎవరు పోటీ చేయాలో ఎవరు చేయకూడదో ఓటర్ల కంటే చాలా ముందే తేల్చేసిన క్రోకర్ వృద్ధాప్యంలో వచ్చి విశ్రాంతి తీసుకున్నది అక్కడే. అభ్యర్థుల ఎంపిక గురించి ఆలోచించేవారు ఆ ఇంటి ముందు కాసేపు ఆగినా తప్పు లేదు.

1976 జూలై 21న ఆ భవంతి నుంచి బయలుదేరిన రాయబారి కారు కొద్ది దూరమైనా పోకముందే, రోడ్డు కింది తూములో ఐఆర్ఏ అనే సాయుధ సంస్థ అమర్చిన బాంబు పేలింది. పదవి చేపట్టి రెండు వారాలైనా నిండని క్రిస్టఫర్ ఎవార్ట్-బిగ్స్, ఆయనతో ప్రయాణిస్తున్న ఒక యువ ఉద్యోగిని మరణించారు. దేశం దిగ్భ్రాంతిలో ఉండగా లియమ్ కాస్గ్రేవ్ ప్రభుత్వం సెప్టెంబరు 1న పార్లమెంటు చేత జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటింపజేసి, అనుమానితుణ్ణి నేరారోపణ లేకుండా ఏడు రోజుల వరకు పోలీసుల అదుపులో ఉంచే వీలు కల్పించే అత్యవసర అధికారాల బిల్లును తెచ్చింది. అప్పటి అధ్యక్షుడు కారల్ ఓ డాలీ ముందుకు దానితో పాటు శిక్షలు పెంచే మరో క్రిమినల్ చట్టం బిల్లు కూడా వచ్చింది. సలహా మండలిని సమావేశపరచి, రెండో బిల్లుపై సంతకం చేసి, మొదటిదాన్ని మాత్రమే ఆయన సుప్రీంకోర్టుకు పంపారు. ఈ తేడా గమనించదగినది: కఠిన చట్టమల్లా స్వేచ్ఛకు శత్రువేనని ఆయన భావించలేదు, విచారణ లేని నిర్బంధం దగ్గర మాత్రం ఆగారు.

కోర్టు అక్టోబరు 15న బిల్లును సమర్థించింది. అత్యవసర పరిస్థితి కింద చేసే చట్టాలకు రాజ్యాంగమే రక్షణ కల్పించిందని చెబుతూనే, ఇలాంటి శాసనాన్ని దాని అక్షరాలు అనుమతించినంత మేరకే అన్వయించాలని, నిర్బంధంలో ఉన్న మనిషికి న్యాయవాది సహాయం, వైద్య సహాయం, బయటివారితో మాట్లాడే హక్కు, కోర్టు తలుపు తట్టే హక్కు పోవని స్పష్టం చేసింది. ఓడిపోయినట్టు కనిపించిన ఆ నివేదన వల్ల పోలీసు స్టేషన్ గదిలోని మనిషికి దక్కినది ఇదీ. మరునాడు ఓ డాలీ సంతకం చేశారు. అదే రోజు మిడ్‌లాండ్స్‌లో మరో బాంబు ఉచ్చుకు ఒక గార్డా, అంటే ఐరిష్ పోలీసు, బలయ్యాడు. ఉద్రేకం నిండిన ఆ వాతావరణంలో రక్షణ మంత్రి పాడీ డోనగన్, అక్టోబరు 18న మలింగర్‌లోని సైనిక శిబిరంలో, సర్వసైన్యాధిపతి కూడా అయిన అధ్యక్షుణ్ణి సైనికుల ఎదుటే దేశానికి సిగ్గుచేటు అన్న అర్థం వచ్చేలా తూలనాడారు. ప్రధాని మంత్రిని తొలగించలేదు, డాల్ అనబడే దిగువ సభలో మంత్రిపై పెట్టిన తీర్మానం వీగిపోయింది. అక్టోబరు 22న, పదవి గౌరవాన్నీ స్వాతంత్ర్యాన్నీ కాపాడటానికి వేరే దారి లేదంటూ ఓ డాలీ రాజీనామా చేశారు.

అంతకు దాదాపు పదహారు నెలల ముందు, 1975 జూన్ 25 రాత్రి, భారతదేశంలో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ మంత్రివర్గం సమావేశం కాకముందే ఎమర్జెన్సీ ప్రకటనపై సంతకం చేశారు. రెండు దేశాల పరిస్థితులు ఒకటి కావు, రెండు పదవుల అధికారాలూ ఒకటి కావు. అయినా ఒకచోట ఆ సంతకం కొన్ని వారాలు ఆగింది, మరోచోట తెల్లవారే దాకానైనా ఆగలేదు.

ఇక్కడ స్వేచ్ఛ అనే భావనను కొంచెం నిలకడగా చూడవలసి ఉంది. తన పనికి ఎవరూ అడ్డు రాకపోవడమే స్వేచ్ఛ అని ఉదారవాద సంప్రదాయం చెబుతుంది. గాల్వే కౌంటీలో పుట్టిన తత్వవేత్త ఫిలిప్ పెటిట్ 1997లో వెలువరించిన గ్రంథంలో దీనిని సరిపోని నిర్వచనంగా భావించి, ఒకరి ఇష్టాయిష్టాలకు లోబడి బతకవలసిన స్థితి లేకపోవడమే స్వేచ్ఛ అని ప్రతిపాదించారు; యజమాని ఎంత దయగలవాడైనా, ఆ దయ ఎప్పుడైనా ఉపసంహరించుకోదగినదైతే దాసుడు దాసుడే. ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ మీద శాండీఫోర్డ్ కార్యాలయాలలో పనిచేసే ఉద్యోగికి ఈ వాదన విప్పి చెప్పనక్కరలేదు. మేనేజరు మంచివాడే, జీతం బాగానే ఉంది, కానీ ఉద్యోగం పోతే దేశంలో ఉండే అర్హతే ప్రశ్నార్థకమవుతుంది. 2024 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన చట్టం తొమ్మిది నెలలు గడిచాక యజమానిని మార్చుకునే వెసులుబాటు ఇచ్చినప్పుడు, అలా మారినవారి కంటే మారకుండా ఉన్నవారికే ఎక్కువ స్వేచ్ఛ దక్కింది, ఎందుకంటే ఇష్టం లేకపోతే వెళ్లిపోగలరన్న సంగతి ఇప్పుడు రెండు పక్షాలకూ తెలుసు. 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయులపై దాడులు జరిగి, వారు సాయంత్రపు నడకకు సైతం వెనకాడిన రోజుల్లో, అప్పటి అధ్యక్షుడు మైకేల్ డి. హిగిన్స్ వాటిని ఖండిస్తూ ప్రకటన చేశారు. అధ్యక్షుడి మాటకు చట్టబలం లేకపోయినా, వీధిలో నడిచే హక్కు ఎవరి దయా కాదని చెప్పే పెద్దరికం ఆ పదవికి ఉంది.

అయితే, ప్రతి అనుమానాస్పద బిల్లునూ కోర్టుకు పంపుతానని శపథం చేసే అభ్యర్థి స్వేచ్ఛకు మేలు చేస్తాడా? చేయకపోగా కీడు చేయవచ్చు. 26వ అధికరణం కింద పరిశీలించి కోర్టు సమర్థించిన బిల్లు చట్టమయ్యాక, దాని రాజ్యాంగబద్ధతను ఏ పౌరుడూ ఏ కోర్టులోనూ మళ్లీ ప్రశ్నించకూడదని 34వ అధికరణం శాసిస్తున్నది. ఇంకా ఎవరి జీవితాన్నీ తాకని చట్టాన్ని, బాధితుడి ముఖం ఎదుట లేకుండా, అరవై రోజుల్లో ఊహ మీద తూచి, ఆపై ఆ తీర్పుకు శాశ్వతంగా తాళం వేయడమన్నమాట. 2000లో అప్పటి అధ్యక్షురాలు మేరీ మకలీస్ కోర్టుకు పంపిన అక్రమ వలసదారుల బిల్లు ఇందుకు ఉదాహరణ: దేశం నుంచి పంపివేసే ఉత్తర్వులు మొదలైన వాటిని సవాలు చేయడానికి పద్నాలుగు రోజుల గడువు విధించిన నిబంధన కోర్టులో నెగ్గి, ఆ రక్షణ కవచం కిందకు చేరింది. ఆమె ద్వారానే కోర్టుకు వెళ్లిన వృద్ధాశ్రమ రుసుముల బిల్లు 2005లో వీగిపోయింది. అక్రమంగా వసూలు చేసిన సొమ్మును వెనకటి తేదీ నుంచి సక్రమం చేయజూసిన ప్రభుత్వ ప్రయత్నం అక్కడితో ఆగింది. 2015 డిసెంబరులో శరణార్థుల చట్టం బిల్లుపై హిగిన్స్ సలహా మండలిని పిలిచి, విని, చివరకు సంతకమే చేశారు. అది మెతకదనమని కొందరు అనుకోవచ్చు గాని, తలుపు మూసుకుపోకుండా ఉంచినవాడు సైతం కాపలాదారే. 1976లో ఈ చిక్కు లేదు. అత్యవసర చట్టానికి ఎలాగూ కవచం ఉంది గనుక, కోర్టుకు పంపడం వల్ల కొత్తగా పోయేదేమీ లేదని ఓ డాలీ వంటి న్యాయకోవిదుడికి తెలియకపోదు.

ఈ కథలో ఓటరుకు మింగుడుపడని భాగం వేరే ఉంది: ఓ డాలీని ప్రజలు ఎన్నుకోలేదు. 1974లో ప్రధాన పార్టీలన్నీ ఒక పేరుకు ఒప్పుకోవడంతో ఆయన పోటీ లేకుండా అధ్యక్షుడయ్యారు. బ్యాలెట్ జరిగి ఉంటే ఆయనను గుర్తుపట్టగలిగేవారా అన్నది ఊహే గాని, గుర్తుపట్టడానికి ఆధారం మాత్రం ఉంది. 1960లలో ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, కోర్టు విడిచిపెట్టిన వ్యక్తిని పోలీసులు మళ్లీ పట్టుకొని, మరో రిట్ వేసే వ్యవధి దొరకకుండా దేశం దాటించిన వ్యవహారం ఆయన ముందుకు వచ్చింది. పౌరుడికీ కోర్టుకూ మధ్య ఎవరూ అడ్డు నిలవరాదని ఆయన నిష్కర్షగా తేల్చారు. ప్రచార ప్రసంగంలో దొరకనిది అటువంటి పాత కాగితాల్లో దొరుకుతుంది. భారతదేశంలోనూ 1982 రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాలు ఇదే లెక్కన అభ్యర్థిని నిలబెట్టాయి: ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ కేసులో, అంటే నిర్బంధితుణ్ణి కోర్టు ఎదుట హాజరుపరచమనే హక్కు నిలుస్తుందా లేదా అన్న కేసులో, ఒంటరిగా అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాను. ఆయన జైల్ సింగ్ చేతిలో ఓడిపోయారు.

డబ్లిన్‌కూ తెలుగువారికీ ఈ విషయంలో పాత చుట్టరికం ఉంది. బరంపురం నుంచి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఆ నగరానికి వచ్చిన వి.వి. గిరి, ఐరిష్ స్వాతంత్ర్య ఉద్యమంతో సంబంధాల కారణంగా 1916లో వెళ్లిపోవలసి వచ్చింది. 1969లో రాష్ట్రపతి పదవికి స్వతంత్రుడిగా నిలిచి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అయిన మరో తెలుగువాడు నీలం సంజీవరెడ్డిని రెండో ప్రాధాన్య ఓట్లతో ఓడించారు. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయండన్న ఇందిరా గాంధీ పిలుపు ఆయనను గెలిపించింది. ప్రధాని కోరితే మేల్కొన్న అంతరాత్మ ఎంతవరకు స్వతంత్రమైనదన్న సందేహం మాత్రం నేటికీ తీరలేదు.

ఐర్లండ్‌లో 2025 అక్టోబరు 24న జరిగిన ఎన్నికలో కేథరిన్ కానలీ 63 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు, కానీ రెండు లక్షలకు మించిన బ్యాలెట్లు చెల్లకుండా పోయాయి, వాటిలో చాలా వాటిపై ఓటర్లు కావాలనే గీతలు గీసి, మాటలు రాసి వెళ్లారు. నచ్చిన పేరు బ్యాలెట్ దాకా రాలేదన్నది వారి కోపం. అభ్యర్థికి పార్లమెంటు సభ్యులలో ఇరవై మంది మద్దతో, దేశంలోని 31 స్థానిక మండళ్లలో నాలుగింటి ప్రతిపాదనో కావాలి. పోటీ చేయదలచిన మరియా స్టీన్ పద్దెనిమిది మంది సభ్యుల దగ్గర ఆగిపోయారు. పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించిన జిమ్ గావిన్ పేరు మాత్రం గడువు దాటినందున కాగితం మీదే ఉండిపోయింది. తర్వాతి ఎన్నిక, పదవీకాలం మధ్యలో ముగియకపోతే, 2032లో వస్తుంది.

దానిలో ఓటు ఐరిష్ పౌరులదే. శాండీఫోర్డ్‌లోని తెలుగువారిలో పౌరసత్వం తీసుకోదలచినవారు భారత పౌరసత్వాన్నీ దానితో పాటు అక్కడి ఓటునూ వదులుకోవాలి, ఓసీఐ కార్డు ఆ ఓటును తిరిగి ఇవ్వదు. అందరూ ఆ మూల్యం చెల్లించలేరు, చెల్లించి తీరాలని చెప్పే హక్కు కూడా ఎవరికీ లేదు. కానీ స్థానిక ఎన్నికల్లో పౌరసత్వంతో నిమిత్తం లేకుండా ఇక్కడ నివసించే పెద్దలందరూ నమోదు చేసుకొని ఓటు వేయవచ్చు. 2029లో ఎన్నికయ్యే డన్ లీరీ–రాత్‌డౌన్ కౌన్సిల్‌కే 2032లో అధ్యక్ష అభ్యర్థిని ప్రతిపాదించే అధికారం ఉంటుంది. పెద్ద పార్టీలు ఇలాంటి ప్రతిపాదనలను అడ్డుకోమని తమ కౌన్సిలర్లను ఆదేశించడం కొత్త కాదు. 2029 వసంతంలో కరపత్రం పట్టుకొని గ్లెన్‌కలెన్–శాండీఫోర్డ్ వార్డులో తలుపు తట్టే అభ్యర్థిని, సైకిల్ దారుల గురించి, క్రెష్ ఖర్చుల గురించి అడిగిన తర్వాత, పార్టీ వద్దన్న పేరుకు ప్రతిపాదన ఓటు వేస్తారా అని అడగడానికి ఏ పాస్‌పోర్టూ అవసరం లేదు.