సిబిలా ఎంచుకున్న కష్టం



కష్టపడితే పేదరికం పోతుందని పిల్లలకు చెబుతుంటాం. 'మై బ్రిలియంట్ కెరీర్' చదివినప్పటి నుంచి నేను ఆ మాట అనే ముందు కాస్త ఆగుతున్నాను. 1901లో వచ్చిన ఈ ఆస్ట్రేలియా నవలను, న్యూ సౌత్ వేల్స్ పల్లెల్లో పెరిగిన మైల్స్ ఫ్రాంక్లిన్ ఇరవై ఏళ్లు నిండకముందే రాశారు.

కథానాయిక సిబిలా. దాదాపు రెండు లక్షల ఎకరాలు ఏలిన తండ్రి పశువుల బేరాల్లో చితికిపోయి తాగుడులో పడతాడు. పాసమ్ గల్లీ అనే చోట ఇంటిల్లిపాదీ పాడి మీద బతకాలి. పొద్దున పాలు పితకాలి, వెన్న తీయాలి, సాయంత్రం మళ్లీ పితకాలి. కరవులో మేత లేక కూలబడిన ఆవులను అందరూ పట్టి లేపి నిలబెడతారు. అవి మళ్లీ పడిపోతాయి. వాళ్ల చాకిరీలో లోటు లేదు. అయినా ఇంటి సామాను వేలానికి వచ్చింది. తండ్రి చేసిన 500 పౌండ్ల అప్పుకు వడ్డీ కింద, అప్పిచ్చినవాళ్ల పిల్లలకు చదువు చెప్పడానికి సిబిలాను పంపారు. అప్పు కింద కొడుకును దొర దగ్గర జీతానికి పెట్టడం చూసిన మన పల్లెలకు ఈ బాధ కొత్తది కాదు.

హెరాల్డ్ బీచమ్ అనే ఆసామి ఆమెను పెళ్లాడతానన్నాడు. మంచివాడు, ప్రేమా నిజమైనదే. అతను ఆస్తి పోగొట్టుకున్నప్పుడు సరేనన్న సిబిలా, ఆస్తి తిరిగొచ్చాక వద్దంది. ఆమెకు రాయాలని ఉంది. నవల ముగిసేసరికి ఆమె మళ్లీ ఆ ఆవుల దగ్గరే ఉంటుంది. దీన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. పాసమ్ గల్లీలో తనంతట తాను కోరుకున్న కష్టం ఆ ఒక్క రాతే.

ఆ రాతను రచయిత్రి వదల్లేదు. ఆస్ట్రేలియాలో ప్రచురణకర్త దొరక్కపోతే రచయిత హెన్రీ లాసన్ సాయంతో ఎడింబరో సంస్థ ద్వారా పుస్తకం వెలువడింది. అది ఆమెను ధనవంతురాలిని చేయలేదు. షికాగోలో శ్రామిక మహిళల సంఘంలో పనిచేశారు, తిరిగొచ్చి పొదుపుగా బతికారు. 1954లో కన్నుమూశాక వీలునామా చూస్తే, కూడబెట్టినదంతా ఏటా ఒక నవలకు బహుమతి ఇవ్వడానికి రాసిపెట్టారు. 1957లో మొదటిసారి అది పాట్రిక్ వైట్‌కు దక్కింది. నేటికీ ఇస్తున్నారు.

ఇంట్లో పదహారేళ్ల పిల్లలుంటే మీ కౌన్సిల్ లైబ్రరీ నుంచి ఈ నవల తెచ్చివ్వండి. చదివాక, దేనికోసం కష్టపడాలని ఉందో వాళ్లనే అడగండి.