మన సరుకును మనమే మెచ్చుకుంటే

మా బరంపురం అప్పడాలకు, ఊరగాయలకు పేరు. ఇళ్లలో చేసేవాళ్లు కొందరు ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో కూడా అమ్ముతున్నారు. అందులో తప్పేమీ లేదు. రోజుకు పదిసార్లు అదే ఫోటో పెడితే విసుగొస్తుంది, హోంవర్కు గ్రూపులో పెడితే టీచర్ ఊరుకోరు, అంతే. నా సందేహం వేరే.

ఊరందరూ ఉన్న గ్రూపులో ఒకావిడ ఆవకాయ ఫోటో పెట్టిందనుకుందాం. కింద ఆవిడ కొడుకు "నేను తిన్నాను, చాలా బాగుంది, అందరూ కొనండి" అని రాశాడు. తాను కొడుకునని మాత్రం రాయలేదు. తిన్నమాట నిజం. బాగున్నమాటా నిజం. మరి అబద్ధం ఎక్కడుంది?

ఉందనే నేనంటాను. బజారులో "రండి బాబూ రండి" అని అరిచేవాడు దుకాణం వాడేనని అందరికీ తెలుసు. అందుకే అతని పొగడ్తను సగం తగ్గించుకునే వింటాం. ఫోనులో అమ్మేవాళ్ల మాట, కొన్నవాళ్ల మాట ఒకేలా కనిపిస్తాయి. మనం అలా పొరబడాలనే కదా ఆ అబ్బాయి చుట్టరికం దాచింది! సోషల్ మీడియాలో పేరున్నవాళ్లకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనల్లో, డబ్బు సంబంధమే కాదు, కుటుంబ సంబంధం ఉన్నా చెప్పాలని ఉంది.

చెబితే నాలుగు ఆర్డర్లు తగ్గవా? తగ్గొచ్చు. ఆ డబ్బుతోనే స్కూలు ఫీజు కట్టే ఇళ్లున్నాయి, కాబట్టి ఇది చిన్న మాట కాదు. అయినా "మా అమ్మ పెట్టిన ఆవకాయ, నాకు చాలా ఇష్టం" అని రాస్తే కొనేవాళ్లు కొంటారు. మిగతా మాట వాళ్లే తిని రాస్తారు. కారం ఎక్కువైందని రాసినా దాన్ని తీసేయకుండా ఉంచాలి.