వద్దన్నవాడికీ కూలి

శ్రీశైలం జలాశయం నిండిందన్న వార్త రాగానే మన డిగ్రీ పిల్లల ఫోన్లలో ఒకటే మాట తిరుగుతుంది. శనివారం సోమశిల పోదాం, రాత్రి ఒడ్డున ఉండి, ఆదివారం పొద్దున పుట్టిలో నదిమీద తిరుగుదాం. తండా పిల్లలు, చెంచుపెంటల పిల్లలు, ఒకే హాస్టల్లో చదివినవాళ్లు పదిమంది జమవుతారు. మనిషికి ఇంత అని పైసలు వేసుకుంటారు. ఎవరి బండిమీద ఎవరు రావాలి, బియ్యం ఎవరు తేవాలి, అన్నీ మాట్లాడుకుంటారు. ఒక్కటి మాత్రం మాట్లాడుకోరు. వెనక్కి తిరుగుదామని చెప్పే హక్కు ఎవరిది? చెప్తే వినేదెవరు?

ముందు నది సంగతి చూడాలి. మన చెరువులు మన వానకు నిండుతాయి. కృష్ణ అట్లా కాదు. ఎక్కడో మహాబలేశ్వరం కొండల్లో పడ్డ వాన ఆలమట్టి, నారాయణపూర్, జూరాల దాటి మనదాకా వస్తుంది. ఆలంపూర్ దాటినంక తుంగభద్ర కలుస్తుంది. కొల్లాపూర్‌లో ఎండ కాస్తుండగానే నది పెరగవచ్చు. మొగులు చూసి ధైర్యం తెచ్చుకుంటే చాలదు, పైనుంచి ఎంత వదిలారో తెలుసుకోవాలి. పేపర్లో లక్ష క్యూసెక్కులని రాస్తే చదివి పక్కన పెడతాం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు సెకనుకు అయిదువందలకు పైగా. ఈ లెక్క టీచర్లు తరగతిలో చేయిస్తే పిల్లలకు నది బరువు తెలుస్తుంది. చిక్కేమిటంటే, ఎండకాలం నీళ్లు వెనక్కి పోయి బురద తేలుతుంది. చూడదగ్గ నది వానకాలంలోనే ఉంటుంది. అందమూ ఆపదా ఒకే నీళ్లతో వస్తాయి.

"నా ప్రాణం, నా ఇష్టం" అనే వాదం పిల్లల్లో బలంగా ఉంది. గుట్ట ఎక్కేవాడి విషయంలో ఆ వాదానికి కొంత బలం ఉందేమో. పుట్టిలో లేదు. గుండ్రటి వెదురు బుట్ట అది. సెల్ఫీకోసం ఒకడు లేచి నిలబడితే ఒరిగేది అందరికీ. ప్రాణం పంచుకున్నచోట ఇష్టం ఒక్కడిది కాదు. పైగా ఒడ్డున ఉన్నవాళ్ల సంగతి ఎవరూ లెక్కలో వేయరు. 2019 సెప్టెంబర్ 15, అది కూడా ఆదివారమే, వరద గోదావరిలో పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఎక్కినవాళ్లు 77 మంది, బతికినవాళ్లు 26 మంది. ఆ వరదలోకి తమ పడవలేసుకుని దూకి మనుషులను ఒడ్డుకు చేర్చింది అక్కడి గిరిజనులు. వాళ్లు ఏ టికెట్టూ కొనలేదు, ఏ కాగితంమీదా సంతకం పెట్టలేదు.

అందుకే పోవద్దంటున్నానా? లేదు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ పిల్లలను గదుల్లో పెట్టి తాళం వేసే పెద్దల పద్ధతి నాకు నచ్చదు. 1981లో ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి నింపిన నీళ్లవి. తాతల చేలమీద నీళ్లు నిలబడ్డాయి, వాటిని మనవలు చూడనే వద్దంటే ఎట్లా? ఇంకో మాట. 2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తూ మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవైమంది దాకా పోయారు. వాళ్లది షికారు కాదు, వాళ్లకు నదే తొవ్వ. తప్పక ఎక్కేవాడికీ సరదాకు ఎక్కేవాడికీ తేడా ఉంది. సరదాకు పోయేవాడికి ఆగే వీలుంది, కనుక ఆగే బాధ్యత కూడా వాడిమీద ఎక్కువ.

తేనె తీయడానికి కొండచరియమీంచి తాడుతో దిగేటప్పుడు పైన తాడు దగ్గర బావమరిదిని నిలబెట్టాలని చెంచు పెద్దలు చెప్తారు. జారితే తన అక్క ముండమోస్తుంది గనుక వాడు కన్నార్పడు. నాకు ఇది ఏ నీతిశాస్త్రానికీ తీసిపోని ఆలోచన అనిపిస్తుంది. తాడు పట్టినవాడికి దిగినవాడితో పాటు నష్టం ఉండాలి.

మరి సోమశిల ఒడ్డున తాడు ఎవరి చేతిలో ఉంది? పుట్టి నడిపే అన్న చేతిలో. అతనికి గాలి తెలుసు, సుడి తెలుసు. కానీ పోకపోతే ఆ రోజు కూలి లేదు. పదిమంది చదువుకున్న పిల్లలు చుట్టూ నిలబడి "ఏం కాదన్నా, పోదాం పా" అంటే అతను తెడ్డు అందుకుంటాడు. ఆ మౌనాన్ని మనం ఒప్పుకోలు అనుకుంటాం. ఈత రాక ఒడ్డున తటపటాయించే పిల్ల మౌనమూ అంతే. చేతులెత్తి ఓట్లు లెక్కపెట్టడం కూర ఏం వండాలన్న దగ్గర పనికొస్తుంది. నీళ్లలో దిగే దగ్గర ఒక్క "వద్దు" చాలు. పిరికివాడొకడు అందరి ఆదివారం చెడగొడతాడని అంటారు. చెడగొడతాడు, నిజమే. ఆ నష్టం మనం భరించగలిగిందే.

కాబట్టి ప్లాను శుక్రవారమే మొదలవ్వాలి. పుట్టి అన్నను కలిసి మొత్తం కూలి ముందే చేతిలో పెట్టాలి. "పోయినా పోకపోయినా ఇది నీదే. వద్దనే మాట కూడా నీదే" అని అందరి ముందరా చెప్పాలి. పైనుంచి ఎంత నీళ్లొస్తే ఆగాలి, సాయంత్రం ఎన్నింటికి ఒడ్డు చేరాలి అన్నవి అతన్ని అడిగి ఇంటి దగ్గరే రాసుకోవాలి. ఒడ్డుకు పోయినంక హుషారు మాట్లాడుతుంది, బుద్ధి మాట్లాడదు. జాకెట్లు మనుషులకు సరిపడా లేకపోతే జాకెట్లున్నంతమందే ఎక్కాలి. ముందుండి అందరినీ పోగేసిన లీడరు ఈత రానివాళ్ల పక్కనే కూర్చోవాలి.

దీనికి మనిషికి వంద రూపాయలు ఎక్కువ పడుతుందేమో. గాలి తగ్గని ఆదివారం ఒడ్డునే వండుకు తినాలి. అన్నను కూడా పిలిచి విస్తరి వేస్తే, ఎదురుగా కనిపించే నీళ్లకింద ఏ ఊరుండేదో, దాని బాయి ఎక్కడుండేదో వేలు చూపించి చెప్తాడు.