బస్తాల వెనక గోడ

"ఇంటి నిర్వహణ బాగాలేదు అని రాసినావు. ఏం చూసి రాసినావు అల్లుడూ?"

మామ అద్దాలు నుదుటి మీదికి తోసి అడిగాడు. గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మనిషి. నేను సివిల్ ఇంజనీరును. బ్యాంకులు ఇళ్ల మీద అప్పిచ్చే ముందు వాటికి వెలకట్టి రిపోర్టు ఇవ్వడం నా పని. ఆయన చేతిలో ఉన్నది మా వీధి చివరి పెద్దమ్మ ఇంటి రిపోర్టు. మనవరాలి నర్సింగ్ చదువు కోసం ఆమె ఇల్లు తనఖా పెడుతోంది. ఇంకా బ్యాంకుకు పంపలేదు, నా బల్ల మీద ఉంటే తీసి చదివాడు.

"కళ్లతో చూసిందే రాసినా మామా. ముందు గదిలో అడుగు పెట్టే చోటు లేదు. కంది బస్తాలు, నీళ్ల డ్రమ్ములు, బిందెలు. బెంగళూరుకు పనికి పోయిన కొడుకు సంసారమంతా మూటలు కట్టి అటక దాకా పేర్చింది. వెనక మట్టిమిద్దెలో పట్టపగలు టార్చి వేసుకుని తిరిగినా."

"అది సామాను. నేనడిగేది ఇల్లు."

లెక్క చెబితే ఒప్పుకుంటాడనుకుని కాగితం మీద వేసి చూపించాను. ముందు వైపు స్లాబు ఇల్లు 800 చదరపు అడుగులు. అడుగుకు 1,500 చొప్పున ఇప్పుడు కట్టాలంటే 12 లక్షలు. ఆయుష్షు 60 ఏళ్లనుకుంటాం. చివరికి పాతసామానుగా పదో వంతు మిగులుతుందని, తక్కిన 90 శాతాన్ని 60 ఏళ్లకు పంచుతాం. ఏడాదికి ఒకటిన్నర శాతం. కట్టి 30 ఏళ్లయింది కాబట్టి తరుగు 45 శాతం, అంటే 5,40,000. నిలిచేది 6,60,000.

"మరి నువ్వు వేసింది 5,40,000 కదా?"

"నిర్వహణ బాగాలేదని ఇంకో పది శాతం తీసినా."

"ఆ లక్షా ఇరవై వేలు దేని ఖరీదు?"

వెంటనే జవాబు రాలేదు. ఆ గదుల్లో తిరిగినప్పుడు నాకు కలిగిన చిరాకు తప్ప దానికి ఇంకో ఆధారం తోచలేదు. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఇల్లు అట్ల పెట్టుకున్నోళ్లు గోడల్ని పట్టించుకుంటారా? లోపల చెమ్మో, చెదలో ఉంటుందని అనుమానం."

"అనుమానం అనే మాట భలే వాడినావు. మన వాడుకలో అనుమానమంటే శంక. తర్కశాస్త్రంలో అనుమానమంటే తెలిసిన గుర్తును పట్టుకుని తెలియనిదాన్ని రుజువు చేయడం. నీకు కలిగింది మొదటిది, రిపోర్టులో రెండోదానిలాగా రాసినావు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఆయన పుస్తకంలో కొండ మీద పొగ ఉదాహరణ వినే ఉంటావు."

"పొగ ఉంటే నిప్పు ఉంటుంది."

"ఉంటుంది. దిగువమెట్ట దగ్గర నిలబడి నల్లమలలో పొగ చూస్తే అక్కడ నిప్పుందని చెప్పొచ్చు. దాన్నే తిప్పి, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందంటే తప్పు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుముకు పొగ రాదు. నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ. ఆ తడి కట్టెను ఉపాధి అంటారు. సామాను కిక్కిరిసిన ఇల్లల్లా పాడైన ఇల్లు అన్నావు. ఈ ఇంట్లో నీ తడి కట్టె ఏది?"

"తడే మామా. గాలి ఆడకుండా గోడకు ఆనించి బస్తాలు పెడితే చెమ్మ పట్టుకుంటుంది. చెమ్మ ఉన్న చోటికి చెదలు వస్తాయి."

"చెమ్మ చూసినావా?"

"బస్తాల వెనక ఎట్ల కనబడుతుంది?"

"ఆ ముక్క రాయాల్సింది. నేలమీద కుండ లేదని ఎప్పుడు చెప్పగలం? వెలుతురుండాలి, కళ్లు బాగుండాలి, కుండ ఉంటే కచ్చితంగా కనబడే స్థితి ఉండాలి. అప్పుడు కనబడకపోతే లేనట్టే. భాట్ట మీమాంసకులు, అద్వైతులు దాన్ని అనుపలబ్ధి అని వేరే ప్రమాణంగానే లెక్కపెట్టినారు. చీకట్లో కుండ కనబడలేదని కుండ లేదనకూడదు, ఉందనీ అనకూడదు. బస్తాల వెనక గోడ నీకు చీకట్లో కుండ."

ఈ మాట నన్ను ఇంకో ఇంటి దగ్గరికి తీసుకుపోయింది. ఆ వారమే కొత్తగా రంగు వేసిన ఇంటికి 'బాగుంది' అని రాసిచ్చాను. పుట్టీ పూసి, రంగు కొట్టి, పండక్కి ముస్తాబైనట్టున్న గోడలు. ఆ పుట్టీ కింద పగులు ఉందో లేదో నాకేం తెలుసు? బస్తా దాచినట్టే పుట్టీ కూడా దాస్తుంది. బస్తాను తప్పుపట్టిన నేను పుట్టీకి మార్కులు వేశాను. ఆలోచించేకొద్దీ ఇదే పెద్ద తప్పుగా కనబడింది. పేదరాలి ఇల్లు దాచినదాన్ని దోషంగా, ఉన్నవాడి ఇల్లు దాచినదాన్ని గుణంగా లెక్కగట్టాను.

అయినా నా వృత్తి తరఫున ఒక వాదన మిగిలి ఉంది. "కొనేవాడు తర్కం చదవడు మామా. మార్కెట్ విలువంటే అమ్మేవాడూ కొనేవాడూ ఇష్టపడి కుదుర్చుకునే ధర. ఆ గదుల్ని చూసినవాడు తగ్గించే అడుగుతాడు."

"రిజిస్ట్రేషన్ రోజుకు ఆ బస్తాలు అక్కడుంటాయా? దస్తావేజు చెక్కుబందీలో తూర్పున ఫలానా, పడమర ఫలానా అని నాలుగు హద్దులు రాస్తారు. కంది బస్తాలు రాయరు. ఖాళీ చేయడానికి ఖర్చయితే రెండు ట్రాక్టర్ల బాడుగ తీసెయ్, ఒప్పుకుంటా. ఇంటి ధరలో శాతం ఎట్ల తీస్తావ్?"

అమెరికా బ్యాంకుల అప్పులకు వెలకట్టే పద్ధతి నాకు గుర్తొచ్చింది. 2011 నుంచి అక్కడ ఇంటి స్థితికి సీ1 నుంచి సీ6 దాకా వరస పెడుతున్నారు. ఆ నిర్వచనాలు మాట్లాడేది అరుగుదల గురించి, వాయిదా పడ్డ మరమ్మతుల గురించి. చివరి మెట్టు సీ6 అంటే ఇంటి భద్రతకో పటుత్వానికో ముప్పు తెచ్చేంత నష్టం. గది సర్దుకున్నారా లేదా అన్నది ఆ కొలబద్దలో లేదు.

"ఆ డ్రమ్ములు ఎందుకున్నాయో నీకు తెలియదా?" మామ గొంతు తగ్గించాడు. తెలుసు. ఎండాకాలంలో ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు పట్టి దాచుకోవాలి. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ఈ పడమటి మండలాలు కృష్ణా నీళ్ల కోసం ఎదురుచూస్తూ వచ్చాయి. కందులు ధర పెరిగితే అమ్మడానికి. మూటలు కొడుకు తిరిగొస్తాడన్న ఆశ. నేను గడప దాటకముందే ఆమె రెండుసార్లు, "ఇల్లు సర్దుకోలేదు నాయనా, ఏమనుకోవద్దు" అంది. నేను ఫొటోలు తీస్తుంటే తీగ మీది బట్టలు గబగబా లాగేసుకుంది.

జాలితో ధర పెంచడం కూడా తప్పేనన్నాను. మామ వెంటనే ఒప్పుకున్నాడు. బ్యాంకు సొమ్ము పదిమంది డిపాజిట్టు, నీ దయ చూపించడానికి కాదు అన్నాడు.

"సామాను నిజంగా ఇంటిని చెడగొట్టేది ఎక్కడో తెలుసా మామా? మిద్దె మీద," అన్నాను. 1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు కర్నూలు జిల్లాలోది. పాత ఇళ్లూ ఆ పక్క ఇళ్ల మాదిరే దూలాలు, దంతెలు, పైన చౌడు కప్పిన మట్టిమిద్దెలు. "వంటచెరకో, కందికట్టెలో తెచ్చి మిద్దె మీద పడేస్తారు. నీళ్లు పోయే గొట్టానికి అడ్డం పడితే వాన నీళ్లు నిలుస్తాయి. చౌడు కరుగుతుంది, దంతె కుళ్లుతుంది."

మామ ముఖం వెలిగింది. "దొరికింది నీ తడి కట్టె! అక్కడైతే సామాను నుంచి నష్టానికి దారి ఉంది. మరి మిద్దె ఎక్కినావా?"

ఎక్కలేదు. నిచ్చెనకు అడ్డంగా మూటలుంటే వదిలేసి వచ్చాను. దోషం ఉండగల ఒక్క చోటూ చూడకుండా, చిరాకు తెప్పించిన గదులకు లక్షా ఇరవై వేలు కోశాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, పెద్దమ్మ ఒప్పుకున్నాక, ఇద్దరు కుర్రాళ్లతో బస్తాలు జరిపించాను. ముందు గది గోడలు పొడిగా, గట్టిగా ఉన్నాయి. వెనక మిద్దెలో ఒక మూల మోకాలెత్తు దాకా చెదలు. పైన గొట్టం కందికట్టెతో పూడిపోయింది, దాని కింద రెండు దంతెలు మెత్తబడ్డాయి. స్లాబు ఇంటికి 6,60,000 వేశాను. మిద్దె విలువలోంచి రెండు దంతెలకూ చౌడుకూ చెదల మందుకూ అయ్యే ఖర్చు తీశాను. బట్టలు కనబడే ఫొటోలు తీసేసి గోడలవి పెట్టాను.

ఉత్తరపు గోడకు ఆనిన పాత ఇనుప బీరువా ఎంత తోసినా కదల్లేదు. ఆ గోడ చూడలేదని రిపోర్టులో రాశాను.