బొడ్రాయికి నీళ్లు పోయవచ్చునా?

అనన్యశరణుడైన వైష్ణవుడు గ్రామరక్షకై నిలిపిన రాతికో కొయ్యకో చేయెత్తవచ్చునా? పూర్వము హుస్నాబాదు చేరువ పల్లెలో బొడ్రాయి ప్రతిష్ఠ జరుగుచుండగా తిరుమణి ధరించు గృహస్థు డొకడు నన్నడిగెను: "అయ్యగారూ, మా ఇంటివాళ్లు బొడ్రాయికి నీళ్లు పోయవచ్చునా?" కూడదని వెంటనే చెప్పితిని.

బొడ్రాయి యనగా ఊరికి బొడ్డు. నడి ఊరిలో గుంత త్రవ్వి, యంత్రమును నవధాన్యములను అడుగున నుంచి, పైని శిలను నిలుపుదురు. అత్తవారిండ్ల నుండి ఆడుబిడ్డలందరు వత్తురు. పొలిమేర కట్టిన పిమ్మట కార్యము ముగియువరకు ఎవ్వరును ఊరు దాటరు. ఇంటింటి స్త్రీలును బిందెలతో నీళ్లు పోయుదురు.

ఆఫ్రికా ఖండమున కాంగో దేశములోని సొంగ్యే జనులకు గ్రామరక్షకుడు న్కిషి యను కొయ్యబొమ్మ. చెక్కినంత మాత్రమున అది వట్టి కొయ్యయే. న్గంగా యను మంత్రవేత్త మూలికలు, జంతుశేషములు మొదలగువానిని దాని కడుపు తొఱ్ఱలోను, నెత్తిమీది కొమ్ములోను నింపిన తరువాతనే రోగమును, దుష్టప్రయోగమును అడ్డగించునని వారి విశ్వాసము. ఊరి బొమ్మను చేతితో తాకరు, కఱ్ఱల సాయమున కదలింతురు. ఇట్టివి అనేకము నేడు ఐరోపా, అమెరికా మ్యూజియములలో అద్దాల వెనుక నున్నవి. ఊరిని కావవలసినవాడు కావలివాని కాపలాలో నుండుట తలచిన కడుపు తరుగుకొనిపోవును.

దీనికి నవ్వువారు మన ఆగమమును తలపవలెను. జీర్ణోద్ధారణకు ముందు బింబమునందలి శక్తిని కుంభమున ఆవాహన చేసి బాలాలయమునకు చేర్చుదుము. పూరీలో 2015 నవకళేబరమున బ్రహ్మపదార్థము పాత వేపకొయ్య మూర్తుల నుండి క్రొత్తవానికి మారినది. కాంచీపురపు అత్తివరదస్వామిది మేడికొయ్య మూర్తి. 40 ఏండ్లకొకమాఱు పుష్కరిణి నుండి వెలికివచ్చు ఆ స్వామి 2019లో 48 దినములు దర్శనమిచ్చెను. కొయ్యను తక్కువ చేయ మనకు నోరెక్కడిది?

భేదము వేఱొకచోట నున్నది. న్కిషికి శక్తిని మనుష్యుడు నింపును. అర్చామూర్తియందు స్వామి తన సౌలభ్యముచే తానే వచ్చి నిలుచును. మన మంత్రము పిలుపు మాత్రమే. ఆయనను మనము రక్షకు వాడుకొనము, ఆయన సొత్తుగా నుందుము.

ఇంతవరకు శాస్త్రము సరియే, నా సమాధానమే సరికాలేదు. ఆనాడు ఊరంతయు వీధిలో నుండగా ఆ ఇంటి తలుపులు మూసియుండెను. వచ్చిన ఆడుబిడ్డలును లోపలనే యుండిరి. పిమ్మట ఆ ఇంటి ముసలితల్లి నాతో, "బొడ్రాయి మీది నమ్మకంతోని కాదు అయ్యగారూ, ఊరంత పోస్తుంటె మేమొక్కలం పోయకుంటె ఎట్ల అని అడిగినం" అనినది. నేను శరణాగతిని గూర్చి అడిగిరనుకొంటిని. వారడిగినది ఇరుగుపొరుగును గూర్చి.

నీళ్లు పోయనందుననే పశువు చచ్చెనని బెదరించువారి మాటను మాత్రము నేటికిని అంగీకరింపను. కాని మఱుసటి యేట బొడ్రాయి వార్షికోత్సవము వచ్చినప్పుడు ఆ ఇంటివారు నన్నడుగలేదు. నేనే కబురంపితిని, పెరుమాళ్లకు తిరువారాధనము చేసికొని, బిందెలెత్తుకొని పొండని.