వెలి తరువాత విశ్వాసం

కోరుకొండకు ఆనవాలు లక్ష్మీనరసింహస్వామి కొండ. ఏటా ఫాల్గుణంలో అక్కడ తీర్థం జరుగుతుంది. ఆ కొండ కింద పెరిగినవాళ్ళకు, వాళ్ళు ఏ మతం వాళ్ళైనా, ప్రహ్లాదుడి కథ వేరే చెప్పనక్కర్లేదు. తండ్రి వద్దన్న దేవుణ్ణి ఆ పిల్లవాడు విడవకుండా నమ్మాడు. ఇంటి ఆచారం, గురువులు చెప్పిన చదువు, రాజు వేసిన శిక్ష, ఏవీ అతని వైపు లేవు. విశ్వాసం ఒక మనిషి సొంతం కావడమంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్న తేటైన కథ మనకు దొరకదు. అయితే ఆ కథలో స్తంభం పగిలింది. పిల్లవాడి నమ్మకం నిజమని అందరి ఎదుటా రుజువైంది. స్తంభం పగలని ఇళ్ళ సంగతి ఆ కథలో లేదు. మనం ఇప్పుడు ఆలోచించవలసింది ఆ ఇళ్ళ గురించి, అందులోనూ క్రైస్తవ మందిరానికి వెళ్ళి మనసు విరిగి వచ్చిన ఇళ్ళ గురించి.

రాజమండ్రి నుంచి కోరుకొండ మీదుగా గోకవరం వెళ్ళే దారిలో పేటపేటకూ ఒక మందిరం కనిపిస్తుంది. వాటిలో ఒకదానికి చిన్ననాటి నుంచి వెళ్తున్న ఒక తల్లిని ఊహించుకుందాం. భర్తకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఆమె ఉపవాస ప్రార్థనలు పెట్టించింది, స్వస్థత కూటాలకు తీసుకువెళ్ళింది, కూలి డబ్బుల్లోంచి దశమభాగం తప్పకుండా ఇచ్చింది. భర్త పోయాడు. ఆ తరువాతి ఆదివారం పాస్టరుగారు మైకులో, ఎవరి పేరూ ఎత్తకుండా, అవిశ్వాసం ఉన్న ఇంట దేవుడు కార్యం చేయడని ప్రసంగించారు. ఆ ఇల్లు ఏదో అక్కడున్న అందరికీ తెలుసు. “అయ్యగారూ, నేను చెయ్యని ప్రార్థన ఏదండీ?” అని ఆమె వెళ్ళి అడిగితే, “ఎక్కడో లోపం ఉందమ్మా, నిన్ను నువ్వు పరీక్షించుకో” అన్నారు. ఆమె మందిరం మానేసింది. విశ్వాసంలో పడిపోయిందని నలుగురూ అనుకున్నారు. ఆమె మానేసింది దేవుణ్ణా, మందిరాన్నా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఇలాంటి తల్లిని ఊహించడానికి మనలో ఎవరికీ పెద్ద ప్రయత్నం అక్కర్లేకపోవడమే బాధాకరం.

ముందు పాస్టరుగారి మాటను పరిశీలిద్దాం. జబ్బు నయమైతే మహిమ దేవుడిది, నయం కాకపోతే తప్పు ఆ ఇంటివాళ్ళది. ఏం జరిగినా తప్పని తేలడానికి వీల్లేకుండా కట్టిన వాదం ఇది. అలాంటి వాదాన్ని నిజమని నిరూపించడమూ కుదరదు. పైగా అందులోని భారమంతా ఎప్పుడూ అప్పటికే కుంగిపోయిన మనిషి మీదే పడుతుంది. ఇది బైబిలు ఎరగని వాదం కూడా కాదు. యోబు గ్రంథంలో స్నేహితులు అధ్యాయాల తరబడి చెప్పింది ఇదే: నీకు ఇంత కష్టం వచ్చిందంటే నీలో ఏదో పాపం ఉండి తీరాలి. చివరికి దేవుడు ఆ స్నేహితుల మీదే కోపగిస్తాడు. తనను నిలదీసిన యోబే సరిగా మాట్లాడాడని అంటాడు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్ళను తప్పుపట్టి, ఫిర్యాదు చేసినవాణ్ణి మెచ్చుకున్న పుస్తకాన్ని తన గ్రంథంలో దాచుకున్న మతం, సందేహించిన తల్లిని అవిశ్వాసురాలని ఎలా అనగలదు? అయితే యోబు కథనూ ఊరికే ఒప్పుకోనక్కర్లేదు. ఎందుకు ఇలా జరిగిందన్న ప్రశ్నకు అతనికి జవాబు రాలేదు. పోయిన పిల్లల తరువాత మళ్ళీ పిల్లలు పుట్టారన్న ముగింపు నన్ను ఏనాడూ తృప్తిపరచలేదు. ఒక బిడ్డకు ఇంకో బిడ్డ బదులు కాదు.

ఇప్పుడు ఆ తల్లి బాధను దగ్గరగా చూద్దాం. తనకు అన్యాయం జరిగిందని ఆమె దేన్ని బట్టి అనుకుంటోంది? ఏడుస్తున్నవాళ్ళతో కలిసి ఏడవాలని, దెబ్బ తిని దారిలో పడి ఉన్నవాణ్ణి తప్పుకుని పోయిన యాజకుడు తప్పు చేశాడని, ఆగిన సమరయుడే పొరుగువాడని ఆమె విన్నది ఆదివారపు బడిలోనే. మందిరం మీద ఆమె తీర్పు చెబుతున్నది మందిరం నేర్పిన కొలతతోనే. కాబట్టి ఆమె కోపాన్ని విశ్వాసానికి ఎదురుగా నిలబెట్టడం తొందరపాటు. అది ఆమె విశ్వాసంలో ఇంకా చెక్కుచెదరకుండా మిగిలిన భాగం కావచ్చు.

కానీ ఇక్కడ మనం ఆగి ఇంకో మాట అడగాలి. ఆ కొలత మతం నుంచి మాత్రమే వస్తుందా? కాకినాడ పి.ఆర్. కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా, దేవుడు లేడని బాహాటంగా చెప్పినందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. అంటరానితనాన్ని ఎదిరించి, సహపంక్తి భోజనాలు పెట్టించి ఆయన బతికిన బతుకు ఏ భక్తుడి బతుకుకూ తీసిపోదు. దేవుడు లేకపోతే మనస్సాక్షి ఉండదనే మాట ఆయన ముందు నిలవదు. కనుక ఆ తల్లిని తిరిగి రప్పించడానికి, విశ్వాసం లేకపోతే నువ్వు మంచిదానివి కాలేవని బెదిరిస్తే అది అబద్ధమవుతుంది. విశ్వాసం తిరిగి వస్తే ఇంకేదో కారణానికి రావాలి.

ఈ గోదావరి గడ్డ మీద ఆ కారణం వెతికినవాళ్ళు ఉన్నారు. 1845లో ఉత్తర జర్మనీ మిషనరీలు రాజమండ్రిలో పని మొదలుపెట్టారు. కొన్నేళ్ళకే అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. బడులు, ఆసుపత్రులు పెట్టి, ఊరు దూరం పెట్టినవాళ్ళ చేత అక్షరాలు దిద్దించిన సంఘం అది. ఆ మేలును మరిచి మాట్లాడటం న్యాయం కాదు. ఆ సంఘంలోనే పనిచేసిన ముంగమూరి దేవదాసుగారు, రాజమండ్రి పక్కనున్న జేగురుపాడులో పుట్టినవారు, 1938లో బయటికి వచ్చి బైబిలు మిషనును స్థాపించారు. దర్శనాలు, స్వస్థతలు, ఆత్మవరాల విషయంలో పెద్దలతో ఆయనకు పొసగలేదు. అప్పటికే ఆయన వృద్ధుడు. ఆ వయసులో ఆశ్రయమిచ్చిన సంఘాన్ని విడవడం చిన్న సంగతి కాదు. మౌనంగా దేవుడి సన్నిధిలో కనిపెట్టుకుని ఉండమని, సందేహం వస్తే దేవుణ్ణే అడగమని ఆయన నేర్పారు. పామరుడికి కూడా దేవుడితో నేరుగా మాట ఉంటుందన్న ఆ నమ్మకంలో గొప్ప గౌరవం ఉంది.

అయినా దాన్నీ పరీక్షించాలి. నాకు దేవుడు చెప్పాడని ఒకరంటే, దాన్ని సరిచూసేది ఎవరు? ఆ తల్లిని గాయపరిచిన పాస్టరుగారు కూడా తనకు దేవుడు చూపించాడనే అనవచ్చు. పెద్దల పెత్తనం నుంచి తప్పించిన వెలుగే మరొకరి చేతిలో ఇంకో పెత్తనం కాగలదు. వ్యక్తిగత విశ్వాసం అనగానే అది నిష్కల్మషమని అనుకోలేం. ఎదుటి మనిషికి దానివల్ల ఏం జరుగుతున్నదో చూసి తీరాలి. దర్శనం ఎంత గొప్పదైనా అది ఒక విధవరాలి మీద నింద మోపితే దాన్ని తోసిపుచ్చే హక్కు మనస్సాక్షికి ఉందని నా అభిప్రాయం.

కవి గుర్రం జాషువా దారి ఇంకొకటి. ఆయన పుట్టింది వినుకొండలో. యౌవనంలో, 1915 ప్రాంతంలో, రాజమండ్రిలో మూగ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చదివి వినిపించే పని చేశారు. అవధాన సభకు వెళితే తక్కువ కులంవాణ్ణి ఎందుకు రానిచ్చారని అవమానించారు. హిందూ పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ మతపెద్దలు వెలివేశారు. రెండు గుమ్మాలూ మూసుకున్నాయి. కొంతకాలం నాస్తికత్వం వైపు మొగ్గారు. 1941లో వచ్చిన గబ్బిలం కావ్యంలో ఆయన నాయకుడు తన మొరను కాశీ విశ్వనాథుడికి ఒక గబ్బిలంతో పంపుతాడు. ఆ మనిషికి గుడి ప్రవేశం లేదు, ఆ గబ్బిలానికి అడ్డు లేదు. నాకు ఇక్కడ కనిపించేది కేవలం నిరసన కాదు. గుడి నుంచి గెంటివేయబడ్డవాడు కూడా దేవుడికి చెప్పుకోవలసింది ఉందని అనుకుంటున్నాడు. వినేవాడు ఉన్నాడో లేడో తెలియకపోయినా మాటను మానుకోవడం లేదు. తరువాత అదే జాషువా క్రీస్తు చరిత్ర రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వెలివేసినవాళ్ళ ప్రభువు కథను వెలిపడ్డవాడు ఎందుకు రాశాడు? దానికి చాలా జవాబులు చెప్పవచ్చు. నాకు తోచిన జవాబు ఒకటే: క్రీస్తు ఆ మతపెద్దల సొత్తని ఆయన ఒప్పుకోలేదు.

జాషువా కూతురు హేమలత గోరా కుమారుడు లవణాన్ని పెళ్ళాడి, నాస్తికురాలిగానే జోగిని దురాచారాన్ని ఎదిరించారు, నేరస్థుల ఊరని ముద్ర పడిన స్టువర్టుపురంలో పనిచేశారు. తండ్రి క్రీస్తు కథకు పద్యం కట్టారు, కూతురు దేవుడి ఊసు లేకుండా దేవుడి పేరిట బలైన ఆడపిల్లల పక్షాన నిలబడ్డారు. ఇద్దరిలో ఎవరు సరైన దారిలో ఉన్నారని పోటీ పెట్టడం నాకు ఇష్టం లేదు. ఒకరిని చూసి ఇంకొకరికి లోటు ఉందని అనిపించకపోవడమే నాకు ముఖ్యం.

అయితే జాషువాకు పద్యం ఉంది, దేవదాసుగారికి అనుచరులు ఉన్నారు. కోరుకొండ పేటలోని తల్లికి ఏముంది? వ్యక్తిగత విశ్వాసమనే మాట నగరాల్లో తేలిగ్గా వినబడుతుంది. ఒక మందిరం నచ్చకపోతే ఇంకొకటి చూసుకోవచ్చు, లేదా ఇంట్లో కూర్చోవచ్చు. పేటలో మందిరమంటే ప్రార్థన ఒక్కటే కాదు. పిల్ల పెళ్ళికి పెళ్ళిచీటీ చదివేది అక్కడే. సంబంధాలు కుదిరేది అక్కడి మనుషుల ద్వారానే. చనిపోతే సమాధుల దొడ్డిలో ఆరడుగుల చోటుకు ఆ సంఘం పెద్దల మాట కావాలి. ప్రభు బల్లకు దూరం పెట్టడమంటే చుట్టాలకు దూరం పెట్టడమే. కులం ఊరి నుంచి వచ్చి మందిరంలోనూ కూర్చున్నదని, మాలపల్లెకూ మాదిగపల్లెకూ వేర్వేరు మందిరాలు ఉన్న ఊళ్ళు చెబుతాయి.

దీని మీద చట్టం కూడా తన బరువు పెట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. క్రైస్తవం తీసుకున్న దళితులను మన రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్కిస్తారు. అందువల్ల కొన్ని ఇళ్ళలో బడి రికార్డులో ఒక మాట, బాప్తిస్మపు పుస్తకంలో ఇంకో మాట ఉంటాయి. వాళ్ళను పిరికివాళ్ళని, మోసగాళ్ళని అనడం చాలా తేలిక. బిడ్డ చదువునూ తన నమ్మకాన్నీ తక్కెడలో చెరోవైపు పెట్టి తేల్చుకోమన్నది మనమే అయినప్పుడు, ఆ మాట అనే ముందు మన మనస్సాక్షిని అడగాలి. విశ్వాసం బయటికి చెప్పుకోవడానికే ఇంత ఖరీదున్న చోట, సందేహం బయటికి చెప్పుకోవడం ఎంత కష్టమో కూడా అప్పుడు అర్థమవుతుంది.

ఇన్ని వడపోతల తరువాత ఆ తల్లి దగ్గర విశ్వాసం మిగిలితే అది ఎలా ఉంటుంది? జబ్బులు నయం చేసే ఒప్పందంలా ఉండదు, ఆ ఒప్పందం ఆమె కళ్ళ ముందే చెల్లకుండా పోయింది. మంచితనానికి హామీ అని కూడా అనలేం, అది గోరా ఇంట్లోనూ దొరికింది. బహుశా అది ఒకరితో మాట్లాడటం మానుకోలేకపోవడం. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆమె ఇంకా “ప్రభువా” అనే పిలుస్తుంది. అడగడానికి ఏమీ లేదు, దెబ్బలాడటానికి ఉంది. ఆ దెబ్బలాటను ప్రార్థన కాదనడానికి నాకు ధైర్యం చాలదు. ఎనభై ఎనిమిదో కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అయినా దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసేయలేదు. ఒకనాడు ఆమె పిలవడం మానేస్తే, అప్పుడూ ఆమె మనకు తక్కువ మనిషి కాదు.

తోమా సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. యేసు తిరిగి లేచాడంటే సందేహించినవాడిగా అతని పేరు మోగిపోయింది. కానీ యోహాను సువార్తను నెమ్మదిగా చదివితే ఒక చిన్న వివరం కనిపిస్తుంది. గాయాలు చూస్తేగాని నమ్మనని చెప్పిన ఎనిమిది రోజుల తరువాత కూడా తోమా మిగిలిన శిష్యులతోనే ఆ గదిలో ఉన్నాడు. చూశామన్నవాళ్ళు చూడలేదన్నవాణ్ణి గెంటెయ్యలేదు, అతనూ వెళ్ళిపోలేదు. ఆ వారం రోజులు వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో సువార్త చెప్పదు. సంఘానికి సందేహంతో ఎలా బతకాలో నేర్పగలిగిన వారం అదేనని నాకు అనిపిస్తుంది.

చివరిగా, క్షమాపణ. గాయపడినవాళ్ళకు మందిరం మొదట చెప్పే మాట క్షమించమనే. క్షమించడం గొప్పదే, కానీ అది గాయపడ్డవాళ్ళు ఇవ్వవలసినది, గాయపరిచినవాళ్ళు వసూలు చేసుకునేది కాదు. సువార్తలోని జక్కయ్య కథలో క్రమం వేరు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని జక్కయ్య నిలబడి చెప్పాకే, రక్షణ ఈ ఇంటికి వచ్చిందన్న మాట వినబడుతుంది. కోరుకొండ పేటలోని ఆ తల్లి విషయంలో తిరిగి ఇవ్వడమంటే ఏమిటో పెద్దలకు తెలియకపోదు. ఏ మైకులో ఆ ఇంటిని నిందించారో అదే మైకులో, అదే ఆదివారపు ఆరాధనలో, ఈసారి పేరు పెట్టి, ఆమె భర్త చావుకు ఆమె విశ్వాసంతో సంబంధం లేదని, తాము తప్పు చెప్పామని పాస్టరుగారు చెప్పాలి. బల్ల దగ్గర ఆమె చోటు, దొడ్డిలో భర్త పక్కన ఆమె చోటు, ఆమె మందిరానికి వచ్చినా రాకపోయినా ఆమెవేనని పెద్దలు పుస్తకంలో రాయాలి. ఆ తరువాత ఆమె రావాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.